వెందు చెరువుకు దారి

ఆ ఏడు డిసెంబరులో బుర్కినా వాళ్ళు వచ్చి రెండు దేశాల సరిహద్దు తేలని వెందు ఊరి నడుమ గుంజ పాతి జెండా కట్టారు. వారం తిరక్కుండానే మాలీ వాళ్ళు వచ్చి ఆ జెండా దింపి, అదే గుంజకు తమది కట్టుకున్నారు. గుంజను మాత్రం ఎవరూ పీకలేదు. ఎడారి అంచున అంత తిన్నని కర్ర మళ్ళీ దొరకొద్దూ? వచ్చినవాళ్ళంతా ఇంటింటికీ తిరిగి అడిగింది ఒకటే మాట, మీరు ఏ దేశం వాళ్ళని. ఊరి జనం లౌక్యం తెలిసినవాళ్ళు. బుర్కినా వాళ్ళు అడిగితే బుర్కినా అన్నారు, మాలీ వాళ్ళు అడిగితే మాలీ అన్నారు. అడిగినవాళ్ళకు చల్ల పోసి సాగనంపారు.

డిక్కో ఒక్కతే ఆ మాట అనలేదు. యాభై దాటిన మనిషి, తాటిమానులా పొడుగు. మొగుడు పోయి చాలాకాలమైనా ఊళ్ళో పెద్ద మంద ఇంకా ఆమెదే. పాలమ్మే ఆడవాళ్ళందరికీ ఆమె మాటే మాట. మాది వెందు, అంది. ఊరి పేరు కాదు, దేశం పేరు చెప్పమన్నారు.

"దేశాన్ని మీరు మోసుకొచ్చారు, దాని పేరు మీకే తెలియాలి," అంది డిక్కో. రెండోసారి వచ్చినవాళ్ళకూ అదే చెప్పింది, అక్షరం మార్చకుండా.

మరిది యెరో ఆ సాయంత్రం గొణిగాడు. యెరో నెమ్మదస్తుడు. అన్న పోయిన దగ్గర్నుంచి మంద బాగోగులు చూసేదీ, ఏ దిక్కున గడ్డి ఉందో ఏ దిక్కున దొంగలున్నారో చూసి కాపరులతో తోలించేదీ అతనే.

"ఆ ఒక్క మాట అంటే ఏం పోయేది వదినా? నాలిక అరిగిపోయేదా?"

"ఇయ్యాల నాలిక అడిగారు. దాన్నిస్తే రేపు చెరువు అడుగుతారు," అంది డిక్కో.

చెరువును మాత్రం వాళ్ళు అడగలేదు. తీసుకున్నారు. ఎక్కడో రాజధానుల్లో పెద్దలకు మాటామాటా పెరిగింది. ఇక్కడ తూర్పు గట్టున బుర్కినా సిపాయిలు గుంటలు తవ్వుకుని కూర్చున్నారు, పడమటి ఇసుకదిబ్బ మీద మాలీ సిపాయిలు గుంటలు తవ్వుకుని కూర్చున్నారు. నడుమ వెందు చెరువు. వానాకాలంలో నిండిన నీరు సగానికి ఇంకి, అంచులంతా బురద ఆరి పెచ్చులు లేస్తోంది. ఆ నీళ్ళు తప్ప కొట్టుకోవడానికి ఆ చుట్టుపక్కల ఏముంది గనక? ఒకనాటి ఉదయం చలిగాలి దుమ్ము రేపుతుండగా ఎవరు ముందు పేల్చారో పేల్చారు. ఇక ఆగలేదు.

ఎద్దులూ ఎద్దులూ పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయి. ఊరి జనం చాపలు చుట్టి, సజ్జల సంచులు గాడిదల మీద వేసుకుని దక్షిణాన ముళ్ళపొదల్లోకి తరలిపోయారు. డిక్కో కదల్లేదు. ఆమె కదలకపోతే యెరో కదల్లేడు. చంటిపిల్లలు లేని ఆడవాళ్ళు నలుగురు కూడా ఉండిపోయారు. వాళ్ళ పశువులు డిక్కో మందతో కలిసి ఉత్తరపు బీడుకు పోయాయి, అవి తిరిగివచ్చే వేళయింది.

మంద వచ్చింది. ఉత్తరాన ఉన్న మడుగులు ముందే ఎండిపోయాయట. కాపరులు పశువుల్ని ఊరికి కోసు దూరంలో లోయలో ఆపి, యెరోకు కబురు పెట్టారు. యెరో వెళ్ళి చూసి వచ్చాడు. ఆవుల నాలుకలు పిడచకట్టాయని, లేగలు లేవలేకపోతున్నాయని చెప్పాడు. గాలి చెరువు మీదుగా వీచినప్పుడల్లా మంద మొత్తం మోర ఎత్తి అరుస్తోందట, కర్రలు అడ్డంపెట్టి ఆపుతున్నారట. దక్షిణాన ఇంకో మడుగు ఉంది, రెండు పగళ్ళ నడక. పెద్ద పశువుల్లో సగం చేరతాయి. లేగలు చేరవు.

"తోలుకుపోదాం వదినా. సగమన్నా మిగులుద్ది."

డిక్కో చల్ల కుండ తలకెత్తుకుని తూర్పు గట్టువైపు నడిచింది.

తూర్పు గుంటల్లో సియాకా అనే సార్జంటు ఉన్నాడు. బోబో తెగవాడు, బండమనిషి, ఆ ప్రాంతపు కాపలా ఠాణాలో ఏళ్ళ తరబడి పనిచేసి, డిక్కో వాళ్ళు మాట్లాడే ఫులానీ మాట నేర్చాడు. ఫులానీలకూ బోబోలకూ తాతల నాటి పరిహాసపు వరస. ఎదురుపడితే నువ్వు నా బానిసవంటే నువ్వు నా బానిసవనుకోవాలి. ఎంత మాటన్నా నవ్వాలి తప్ప కోపం తెచ్చుకోకూడదు. కోపం తెచ్చుకున్నవాడిని రెండు తెగలూ చీదరిస్తాయి.

తుపాకులు కాస్త సద్దుమణిగిన వేళ, నిటారుగా నడిచివస్తున్న డిక్కోను చూసి గుంటల్లోని కుర్రసిపాయిలు పడుకో పడుకో అని చేతులూపారు. ఆమె సియాకా గుంట దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒరే కుక్కమాంసం తినేవాడా, బతికే ఉన్నావా? నా బానిస చస్తే నాకు గదా నష్టమని చూడ్డానికొచ్చా."

సియాకా తల పైకెత్తకుండానే అన్నాడు. "నేను నీకు బానిసనా? దూడ నోట్లో పొదుగు లాక్కుని తాగే జాతి మీది. ముందు కూర్చో ముసలిదానా. తుపాకి గుండుకి వరసలు తెలవ్వు."

"గుండుకి తెలవకపోతే కాల్చేవాడికి తెలియాలి. ఇంద, తాగు. సారా కాదులే, చేదుగా ఉండదు."

అతను కుండెత్తి తాగి పక్కవాడికి అందించాడు. గుంటలో నవ్వులు పుట్టాయి. అప్పుడు చెప్పింది డిక్కో, రేపు పొద్దెక్కగానే మంద చెరువులోకి దిగుతుందని. సియాకా నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, ఇది సరసం కాదు."

"నేను సరసమాడట్లా. ఈ గుంటలన్నిట్లో చెప్పు. నువ్వు నా బానిసవి, చెప్పింది చెయ్యి."

అవతలివాళ్ళు ఊరుకుంటే తమవాళ్ళు కూడా ఊరుకుంటారేమో గానీ అది తన చేతిలో లేదన్నాడు సియాకా. ఎవరి చేతిలో ఉందో ఆయనే అంతలో వంగి నడుస్తూ వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకున్న చిన్న వయసు లెఫ్టినెంటు. సియాకా నోట విషయం విని, చెరువు దగ్గరికి ఎవరూ రాకూడదని, దక్షిణానికి పొమ్మని, యుద్ధం అయ్యాక పశువుల సంగతి ప్రభుత్వం చూస్తుందని అతనిచేతే మర్యాదగా చెప్పించాడు. అయ్యాక అనే మాట ఆవుకి అర్థం కాదయ్యా, అని డిక్కో ఖాళీ కుండ తీసుకుని లేచింది.

అక్కడినుంచి ఇంటికి పోలేదు. చెరువు అంచు పట్టుకుని, ఎండిన బురద మీద, అందరికీ కనబడుతూ పడమటికి నడిచింది. ఆ నడకలో కుండ తలమీద అదురుతుంటే ఒక చేత్తో పట్టుకుంది. భయపడ్డట్టు కనిపించడం ఫులానీ మనిషికి చావుకన్నా తక్కువేం కాదు. అందుకని కుండ జారుతోందన్నట్టు రెండుసార్లు సర్దుకుంది.

పడమటి దిబ్బ మీద కెప్టెన్ బకారీ బొగ్గుల కుంపటి మీద టీ కాయిస్తున్నాడు. నెరిసిన జుట్టు, తీరికైన మాట, అదీ ఫులానీలోనే. పెద్దమ్మా అని పిలిచి చాప చూపించాడు. చిన్న గ్లాసులో టీ పోసి ఇచ్చి, అవతల ఎంతమంది ఉన్నారో, పెద్ద తుపాకులు ఏ మూల పెట్టారో మాటల్లో మాటగా అడిగాడు.

"నేను పాలమ్ముతా బిడ్డా. కబుర్లు అమ్మను."

కెప్టెన్ నవ్వి, మరి ఏం అడగడానికి వచ్చావన్నాడు.

"అడగడానికి రాలేదు. చెప్పడానికొచ్చా. రేపు పొద్దెక్కగానే నా మంద నీళ్ళకొస్తది. ముందు నేనుంటా. తెలవక కాల్చామని రేపు ఎవరూ అనకూడదు."

కెప్టెన్ కుంపటి మీది టీ దించి, వాళ్ళు కాల్చకపోతే మేమూ కాల్చం అన్నాడు.

"వాళ్ళూ అదే అన్నారు. మరి మీకూ వాళ్ళకీ తేడా ఏందో నాకర్థం కాలా," అని డిక్కో టీ గ్లాసు బోర్లించింది.

మర్నాడు యెరో మందను లోయలోంచి కదిలించాడు. వదిన చేసేది పిచ్చిపనని దారంతా అన్నాడు. కాపరుల ముందూ అన్నాడు. ఊరి పొలిమేరలో ఎదురుచూస్తున్న డిక్కో కనబడ్డాక మాత్రం అనడం మాని, కర్ర భుజానికి అడ్డంగా పెట్టుకున్నాడు.

"నువ్వు ముందు నడువు. వెనక నేనుంటా. నువ్వు ఒక్కదానివే పోయావని పైన అన్నకు నేను చెప్పలేను."

సాయె అనే జేగురు రంగు ముసలి ఆవు మందకు పెద్ద. అది ఎటు నడిస్తే మంద అటు. డిక్కో దాని కొమ్ము మీద చెయ్యి వేసి నడిచింది. గాలిలో దుమ్ము, సూర్యుడు పాలిపోయి చందమామలా ఉన్నాడు. తెల్లారినప్పటినుంచీ అటొకటి ఇటొకటి పేలుతూనే ఉంది. మంద ఊరు దాటి చెరువు కనబడే మలుపుకు రాగానే పేలుళ్ళు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది. ఎక్కడో తుపాకి గొట్టాలన్నీ తనవైపు తిరిగి ఆలోచిస్తున్నట్టనిపించింది. బిస్మిల్లా అనుకుంది. రోజూ పాలు పితికేటప్పుడు పిలిచే పిలుపు గొంతెత్తి పిలిచింది.

నీళ్ళ వాసన తగిలాక ఇక పిలుపుతో పని లేకపోయింది. సాయె ఒక్క ఊపున ఆమెను పక్కకు నెట్టి పరుగు తీసింది. వెనక వందలాది గిట్టలు. డిక్కో, భుజానికి ఒక కొమ్ము తగిలి కూలబడబోయి, నిలదొక్కుకుని, పశువుల నడుమే నడిచి బురదలోకి దిగింది. ఆవులు పొట్టలోతుకు దిగి మూతులు ముంచాయి. అన్ని గొంతులూ ఒక్కసారి మింగుతుంటే ఆ చప్పుడు రెండు గట్లకూ వినబడింది. తూర్పున ఒక తల లేచింది, తర్వాత ఇంకో రెండు. పడమటి దిబ్బ మీద ఎవరో లేచి నిలబడి చూశారు. కాపరులు నడవలేని లేగల్ని భుజాల మీద తెచ్చి నీళ్ళ అంచున దించారు.

మంద చివరి భాగం ఇంకా మలుపులోనే ఉంది. అప్పుడు పడింది ఫిరంగి గుండు.

నేల పైకి లేచి కింద పడ్డట్టయింది. సగం మంద బెదిరి పక్కలకు చెదిరి, దాహానికి ఆగలేక మళ్ళీ నీళ్ళలోకే వచ్చింది. దుమ్ము తగ్గాక చూస్తే మలుపు దగ్గర నాలుగు ఆవులు పడి ఉన్నాయి. వాటి పక్కన యెరో కూర్చుని తన ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. ముంజేతి కింద ఏమీ మిగల్లేదు.

డిక్కో పరుగెత్తింది. ఆమెకంటే ముందు తూర్పు గుంటలోంచి సియాకా తుపాకి పారేసి దూకాడు. లెఫ్టినెంటు కేకలు వేస్తున్నా వినలేదు. పడమటి దిబ్బ మీదినుంచి మందుల సంచి పట్టుకుని ఒక మాలీ కుర్రాడు దిగివచ్చాడు. ఇద్దరూ యెరోకు చెరోపక్కా వచ్చి ఆగారు. ఒక్క క్షణం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. సియాకా నడుము బెల్టు తీసి ఇచ్చాడు, కుర్రాడు దాన్ని మోచేతి పైన బిగించి కట్టు కట్టాడు.

"ఏడవకురోయ్ ఫులానీ. నా బానిస ఏడిస్తే నాకు తలవంపులు," అన్నాడు సియాకా.

యెరో పెదాలు బూడిదరంగుకు తిరిగాయి. "ఎవడ్రా ఏడిచేది," అన్నాడు. మూలుగు కూడా రానివ్వలేదు.

బుర్కినా లారీలో అతన్ని పట్నం ఆసుపత్రికి పంపారు. చేతికి మాలీ వాళ్ళ కట్టే ఉంది. డిక్కో లారీ ఎక్కేముందు వెనక్కి తిరిగి చూసింది. చివరి లేగ కూడా నీళ్ళు తాగుతోంది. ఆ గుండు తర్వాత ఎవరూ ఒక్క తూటా కూడా పేల్చలేదు. మంద తనివితీరా తాగి, తనంతట తానే గట్టెక్కి దక్షిణానికి మళ్ళింది.

ఆసుపత్రిలో యెరోకు జ్వరం తగ్గుతుండగా లెఫ్టినెంటు వచ్చాడు. వెంట ఫులానీ మాట వచ్చిన రేడియో మనిషి టేప్ రికార్డరు పట్టుకుని ఉన్నాడు. అమాయకపు కాపరి మీద గుండు వేసింది మాలీ వాళ్ళేనని డిక్కో తన నోటితో చెబితే లోకమంతా వింటుందని, చచ్చిన ఆవులకు బదులు ఆవులిస్తామని అన్నారు.

"అది పడమటి నుంచి రావడం నువ్వు చూశావు గదా," అన్నాడు లెఫ్టినెంటు.

"నేను ఆవుల్ని చూస్తున్నా."

"చప్పుడన్నా వినుంటావు."

"రెండు గట్ల మీదా ఒకే చప్పుడు చేసే గుండ్లు. ఒకే సంతలో కొనుక్కొచ్చుకుని, ఏది ఎవరిదో నన్ను చెప్పమంటే ఎట్టా?"

రేడియో మనిషి యంత్రం ఆపేశాడు. ఆమె ఊరికి తిరిగి వచ్చాక కెప్టెన్ బకారీ మనిషి కూడా వచ్చాడు. అదే మాట, వైపు మాత్రం వేరు. అదే జవాబు ఇచ్చి పంపింది.

నిజానికి డిక్కోకు తెలుసు. ఆ గుండు తన నెత్తి మీదుగా ఏ దిక్కునుంచి ఈలవేస్తూ పోయిందో ఆమె చెవి మరిచిపోలేదు. రాత్రిళ్ళు ఆ ఈల వినబడి లేచి కూర్చునేది. యెరో చెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చేది. కానీ తాను ఒక్క మాట అంటే ఆ మాటను పట్టుకుని ఇంకో పది గుండ్లు వేస్తారు, అవీ ఈ చెరువులోనే పడతాయి. యెరో ఒక్కసారి అడిగాడు. ఆమె చెప్పలేదు. అతను మళ్ళీ అడగలేదు.

"పోన్లే వదినా. ఇక నుంచి చేతులెత్తమని ఎవరన్నా తుపాకి చూపిస్తే నాకు సగం పనే," అన్నాడు.

డిక్కో నవ్వబోయి, మొహం అటు తిప్పుకుంది. మందను నీళ్ళకు తోలినందుకు ఆమె ఎప్పుడూ విచారించలేదు. అతన్ని వెనక ఉండనిచ్చినందుకు మాత్రం బతికినన్నాళ్ళూ విచారించింది.

కొత్త సంవత్సరం రాకముందే పెద్దలు రాజీపడ్డారు. సరిహద్దు ఎక్కడో దూరదేశపు కోర్టు తేలుస్తుందని, అందాకా రెండు సైన్యాలూ వెనక్కి పోవాలని ఒప్పందం. జనం పొదల్లోంచి తిరిగివచ్చి గుడిసెలు నిలబెట్టుకున్నారు. వెళ్ళిపోయే ముందు రెండు పక్షాల అధికారులూ చెరువు గట్టున కలిసి చేతులు కలుపుతారని, ఊరి తరఫున డిక్కో ఇద్దరికీ ఒకే కుండలోంచి పాలు పోయాలని కబురొచ్చింది. ఫోటో తీసేవాళ్ళు కూడా వస్తారట. ఊరి పెద్దలు పొంగిపోయారు. పరువు దక్కిందన్నారు.

డిక్కో పాలకుండ తెచ్చింది. కుర్చీల్లో ఒకవైపు లెఫ్టినెంటు, ఒకవైపు కెప్టెన్ బకారీ కూర్చున్నారు. వెనక వాళ్ళ సిపాయిలు వరసల్లో నిలబడ్డారు. పాలు పొయ్యమని కెప్టెన్ గౌరవంగా చెయ్యి చాచాడు. ఆమె కుండ దించి, మూత మాత్రం తియ్యలేదు.

"గుంటలు పూడ్చండి," అంది.

ఊరి పెద్ద ఆమె కొంగు లాగాడు. లెఫ్టినెంటు అర్థంకాక సియాకా వైపు చూశాడు. సియాకా ఆ మాటను వాళ్ళ భాషలో చెప్పాడు. వానాకాలంలో నీళ్ళు నిండితే ఆ గుంటలు కనబడవని, పశువులు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయని తనవంతుగా కూడా కలిపి చెప్పాడు. లెఫ్టినెంటు, లారీలు సిద్ధంగా ఉన్నాయని, ఆ పనికి తర్వాత మనుషుల్ని పంపుతామని అన్నాడు.

"తవ్వినోళ్ళు ఇక్కడే ఉన్నారు. పారలు లారీల్లో ఉన్నయ్యి. పూడ్చినాక పాలు పోస్తా. పూడ్చకపోతే దూడలకి పోస్తా."

ఫోటో తీసే మనిషి యంత్రం దించి నిలబడ్డాడు. ముందుగా కెప్టెన్ బకారీ లేచాడు. చొక్కా చేతులు మడిచి తన సిపాయిలకు రెండు మాటలు చెప్పాడు. పడమటివాళ్ళు పారలు తీశాక తూర్పువాళ్ళు ఊరుకుంటే బాగుండదు. లెఫ్టినెంటు కళ్ళజోడు తుడుచుకుని తల ఊపాడు.

మధ్యాహ్నం దాకా రెండు గట్ల మీదా మన్ను పోశారు. డిక్కో అటూ ఇటూ తిరుగుతూ చూసింది. సియాకా చెమట తుడుచుకుంటూ ఆగితే, బానిస పని ఇంత నెమ్మదిగా చేస్తే రాత్రికి సంకటి లేదని అరిచింది. తనకు ఎలాగూ మీ నీళ్ళసంకటి ఎక్కదని అతను ఎదురు అరిచాడు. రెండు పక్కలా సిపాయిలు నవ్వారు.

అయిందని పారలు పడేశాక ఆమె ఒక్కో గుంట మీదికీ ఎక్కి మడమతో తొక్కి చూసింది. పడమటి దిబ్బ కింద ఒకచోట మడమ దిగబడింది. అక్కడికి వేలు చూపించింది. కెప్టెన్ బకారీ నిట్టూర్చి, పక్కవాడి చేతిలోంచి పార తానే తీసుకున్నాడు.